చెంచులక్ష్మి అయితే పుణ్యం, ట్వైలైట్ అయితే పాపమా?

టీనేజీ పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, దయ్యమో రక్తపిశాచో గంధర్వుడో ఉన్న ప్రేమకథ చదువుతున్నారని తెలిస్తే చాలు, మనవాళ్ళకు ఎక్కడలేని సామాజిక బాధ్యత గుర్తొస్తుంది. చదువు పాడైపోతుంది, మెదడు పాడైపోతుంది, సంస్కృతి పాడైపోతుంది... పాడవకుండా మిగిలేది ఐఐటీ మెటీరియల్ ఒక్కటే. ఈ పాట పాడేవాళ్ళలో మన సాఫ్ట్‌వేర్ జనమే ముందు వరసలో ఉంటున్నారు కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాయాల్సొచ్చింది. కోపంగానే రాస్తున్నా, ముందే చెప్తున్నా.

మాది బేతంచెర్ల. మీ ఇంట్లో నేలకు పాలిష్ బండలు పరిచుంటే, వాటిలో కొన్నైనా మా ఊరి నుంచి వచ్చే ఉంటాయి. మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటుంది. పేరెందుకు లెండి, అన్నీ అవే. సెలవులకొచ్చినప్పుడు నేను కొనిచ్చిన ట్వైలైట్ పుస్తకం దాని దిండు కింద దొరికింది. వార్డెన్ పుస్తకం లాక్కుని, "ఇకపై ఇలాంటివి చదవను" అని పిల్ల చేత కాయితం రాయించుకుని, తండ్రి సంతకం కోసం పంపించింది. ఆ రోజు రాత్రే బావ ఫోను.

"ఏమబ్బా, పిల్లకు పుస్తకాలు కొనియ్యమంటే దయ్యాల పుస్తకం కొనిచ్చినావా?"

"దయ్యం కాదు బావా, వ్యాంపైర్."

"రెండూ ఒకటే లే. దాంట్లో లవ్వు కూడా ఉందంట."

అదీ అసలు సంగతి. దయ్యం ఒక్కటే ఉంటే క్షమించేవాళ్ళు. లవ్వు ఒక్కటే ఉంటే, సర్లే వయసు అనుకునేవాళ్ళేమో (అనుకోరు, మాటవరసకి). రెండూ కలిస్తే మాత్రం నేరం.

ఇప్పుడు మా బావగారి గురించి చెప్పాలి. మనిషి బంగారం. అహోబిలం వెళ్ళని ఏడాది ఉండదు. మా ఊరి దగ్గరున్న మద్దిలేటి స్వామి కూడా నరసింహుడే కాబట్టి శనివారాలు అక్కడికీ వెళ్తాడు. మరి అహోబిలం కథేమిటండీ? సగం సింహం, సగం మనిషి అయిన ఒక దేవుడు, ఒళ్ళంతా రౌద్రంతో నల్లమల అడవిలో తిరుగుతుంటాడు. అక్కడొక చెంచు పిల్ల కనపడుతుంది. ప్రేమిస్తాడు. ఆ పిల్ల ఏమీ భయపడదు సరికదా, అడవి పనులు నీకు వచ్చా అని ఆయన్ని పరీక్షకు పెడుతుంది. వీళ్ళ పెళ్ళికి జనాన్ని పిలవడానికే స్వామి ఊరూరా తిరుగుతాడని నమ్మి, ఏటా సంక్రాంతి నుంచి నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ పారువేట చేసుకుంటాయి. నల్లమల చెంచులు ఆయన్ని ఇప్పటికీ అల్లుడనే అంటారు. 1958లో అక్కినేని, అంజలీదేవిలతో ఈ కథని సినిమా తీస్తే తెలుగు జనం ఎగబడి చూశారు.

మనిషి కాని మగాడు, అడవి, ప్రమాదం, భయపడని ఆడపిల్ల. స్టెఫనీ మేయర్ అమెరికాలో కూర్చుని రాసి 2005లో అచ్చేయించింది ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు. కాకపోతే సింహం బదులు రక్తపిశాచి, నల్లమల బదులు వాషింగ్టన్ రాష్ట్రంలో వానలు కురిసే ఒక అడవి. ఇదే మాట బావతో అంటే "అది దేవుడి కథ" అన్నాడు. ఒప్పుకుంటా, భక్తి వేరు, నవల వేరు. నేను ఆయన భక్తిని ఏమీ అనట్లేదు. కానీ కథలో ఏది మన గుండెను పట్టుకుంటుందో అది రెండు చోట్లా ఒకటే అంటున్నా. అది చెడ్డదే ఐతే, అహోబిలంలో మంచిది ఎట్లా అయింది?

"ఇదంతా జానపదం, అసలైన సాహిత్యం ఇలా ఉండదు" అనేవాళ్ళు ఇంకో రకం. వీళ్ళతో నాకు మరీ సరదా. ఎందుకంటే పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం, మా నంద్యాల కృష్ణరాజుకే అంకితం. దాన్ని గొప్ప కావ్యమని పాఠాల్లో చెప్తారు. లోపల ఏముందో మాత్రం చెప్పరు, చెప్తే పిల్లలు నిజంగానే చదువుతారని భయం కాబోలు. కలభాషిణి అనే అమ్మాయికి నలకూబరుడి మీద మనసు. అతను ఉండేది రంభతో. అందుకని ఈ పిల్ల రంభ రూపం వేసుకుంటుంది. అవతల మణికంధరుడు నలకూబరుడి రూపం వేసుకుంటాడు. ఇద్దరు దొంగలూ ఒకరినొకరు అసలువాళ్ళే అనుకుని కలుస్తారు! తర్వాత ఇద్దరు రంభలు ఎదురెదురు పడి నువ్వు నకిలీ అంటే నువ్వు నకిలీ అని కొట్లాట. సింహం మీద ఎగురుతూ వచ్చే ఒక సిద్ధుడు కలభాషిణిని బలివ్వడానికి ఎత్తుకుపోతాడు. గుండెల మీద ఒక మణి ఆనితే పూర్వకథ మాట్లాడేసి, మణి పక్కకు జరగ్గానే మామూలుగా ఏడ్చే నెలల పసిపాప ఉంది. ఆ పాపే పోయిన జన్మలో కలభాషిణి. పెద్దయ్యాక, మళ్ళీ పుట్టిన మణికంధరుణ్ణే పెళ్ళి చేసుకుంటుంది. పైగా మొత్తం కథ నడిచేది, చెప్పకూడని ఒక కథ చుట్టూ!

సస్పెన్స్ ఉందా? ఉంది. అతీంద్రియ శక్తులున్నాయా? దండిగా. ప్రేమ? అది లేకపోతే కథే లేదు. వందేళ్ళ కిందటే కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథ అల్లికను వెనకేసుకొచ్చి, మిగతా ప్రబంధాలను చెరిగేశాడు. ఆయన ఏ కాలేజీ హాస్టల్లోనూ వార్డెన్‌గా లేకపోవడం మన అదృష్టం :)

సూరన రాసిన ఇంకో పుస్తకం ప్రభావతీ ప్రద్యుమ్నం. రాక్షసుడి కూతురు, వాళ్ళ శత్రువు కొడుకు, మధ్యలో రాయబారానికి మాటలొచ్చిన ఒక హంస. హీరో తుమ్మెద రూపంలో హీరోయిన్ దగ్గరకు చేరతాడు. 2012లో ఈగ సినిమా చూసి రాజమౌళి బుర్రే బుర్ర అన్నాం. నిజమే, బుర్రే. కానీ మనకది కొత్త రుచి మాత్రం కాదు.

సినిమాల మాటొచ్చింది కాబట్టి... 1990లో ఇంద్రుడి కూతురు ఉంగరం పారేసుకుంటే వానలో తడుస్తూ వెళ్ళి చూశాం. 2009లో మగధీర, ఏకంగా నాలుగు వందల ఏళ్ళ నాటి ప్రేమ. అదే ఏడాది అరుంధతి. బనగానపల్లె దగ్గర నవాబు బంగళాలో ఆ సినిమా తీశారని, దానికి అరుంధతి కోట అని పేరు పెట్టేసుకుని, యాగంటి వెళ్ళేవాళ్ళు పిల్లాజెల్లాతో ఆగి మరీ ఫోటోలు దిగుతున్నారు. మా బావ కుటుంబం కూడా దిగింది, ఆ ఫోటో నా దగ్గరుంది! సమాధిలోంచి లేచిన అఘోరా గాడు ఒక ఆడదాని కోసం తరాల తరబడి కాచుక్కూచునే కథను పదేళ్ళ పిల్లతో కలిసి చూడొచ్చట. అదే పిల్ల పదహారేళ్ళకు ఒక్కతే కూర్చుని అలాంటిదే చదివితే మాత్రం కాయితం రాసివ్వాలట.

ఇక్కడ నాకర్థమైంది ఒకటే. వీళ్ళ బాధ దయ్యం గురించీ కాదు, ప్రేమ గురించీ కాదు, "ఒక్కతే కూర్చుని" దగ్గరుంది. హాల్లో అందరం కలిసి చూస్తే ఆ పిల్ల మనసులో ఏముందో మనకు తెలుస్తున్నట్టు ఉంటుంది. పుస్తకంతో అలా కుదరదు. పేజీ మీద ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండోసారి చదివిందో ఎవరికీ తెలీదు. మా అక్క కూడా ఆ వయసులో ఫిజిక్సు పుస్తకంలో పెట్టుకుని వెన్నెల్లో ఆడపిల్ల చదివింది. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపుకి పరిగెత్తిన కొరియర్ని నేనే, కాబట్టి సాక్ష్యం పక్కా. కనపడకుండా ఫోన్లోనే మాట్లాడే ఆ అమ్మాయి ఎవరో తెలిసేదాకా అక్క అన్నం కూడా సరిగా తినలేదు. పెళ్ళి సంబంధాలు మొదలవగానే "నవలలు చదివే పిల్ల" అని ఎవరో అన్నారని ఇంట్లో అవన్నీ మాన్పించారు. ఆ తర్వాత అక్క చేతిలో పుస్తకం నేను చూడలేదు. ఇప్పుడు దాని కూతురి వంతు. నా కోపం ఎక్కడ నుంచి వస్తోందో తెలిసింది కదా?

ఇక అభ్యుదయ మేధావుల దగ్గరికి వద్దాం. 1980లలో యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి ఊపేసినప్పుడు మనవాళ్ళు దానికి క్షుద్ర సాహిత్యం అని పేరు పెట్టారు. ఆ మాటలో ఉన్న తెలివి చూడండి. క్షుద్ర అంటే చేతబడి లాంటిది, క్షుద్ర అంటే నీచమైంది. ఒక్క మాటతో విమర్శ, తీర్పు రెండూ ఐపోయాయి. ఇక చదివే పనేముంది?

వాళ్ళలో రంగనాయకమ్మ గారిని మాత్రం పక్కన పెడతాను, ఎందుకంటే ఆవిడ చదివి, కూర్చుని, పుస్తకమే రాసింది - తులసిదళం కాదు గంజాయి దమ్ము అని. బాణామతి లాంటిదానికి సైన్సు ముద్ర వేసి జనం నెత్తిన రుద్దుతారా అన్నది ఆవిడ కోపం. అది న్యాయమైన కోపం. బాణామతి చేశారన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపారు, పళ్ళు ఊడగొట్టారు. ఇది కథ కాదు, జరిగింది. కాబట్టి "ఇది నిజంగా ఉంది" అని అమ్మితే ఎవరినైనా నిలదీయాల్సిందే. కానీ అది అబద్ధాన్ని నిజమని చెప్పడం మీద అభ్యంతరం. భయపెట్టే కథను కథగా చదివి ఆనందించడం మీద కాదు. మనవాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. ట్వైలైట్ చదివిన పిల్ల ఎవరూ పక్కింటివాణ్ణి వ్యాంపైర్ అని కొట్టలేదు.

అసలైన క్షుద్రం ఎక్కడుందో చెప్పనా? మన ఆఫీసుల్లో! ది సీక్రెట్ అని 2006లో ఒక పుస్తకం వచ్చింది. నువ్వు గట్టిగా అనుకుంటే చాలు, విశ్వం నీకు కారు, డబ్బు, ఉద్యోగం పంపిస్తుందట. ఇక్కడ కూర్చుని అనుకుంటే అక్కడ జరగడం! దీన్నేమంటారు మా ఊళ్ళో? నా మేనేజరు ఒకాయన అప్రైజల్ రోజున టీమందరికీ తలా ఒక కాపీ పంచాడు, హైక్ మాత్రం విశ్వానికే వదిలేశాడు. అది కల్పన అని ఎక్కడా రాసి ఉండదు, నిజమని రాసుంటుంది. దాన్ని చదివే పెద్దమనిషి మెచ్యూర్, నవల అని అట్ట మీదే రాసున్నది చదివే పిల్ల అమాయకురాలు. యండమూరి విషయమే చూడండి. తులసిదళం దాచిపెట్టిన ఇళ్ళల్లోనే విజయానికి ఐదు మెట్లు పుట్టినరోజు బహుమతిగా ఇచ్చారు. రాసింది ఒకే చెయ్యి కదా మహాప్రభో.

పిల్లలకు తేడా తెలీదు అనేవాళ్ళకు ఒక సంగతి. ఆ గొడవంతా అయ్యాక మా మేనకోడలితో మాట్లాడా. ఎడ్వర్డ్ నీకు అంత నచ్చాడా అని అడిగితే, "ఏం నచ్చడం మామా, రాత్రిపూట కిటికీలోంచి వచ్చి ఆ పిల్ల నిద్రపోతుంటే చూస్తుంటాడు. మా వార్డెన్ కూడా అదే చేస్తుంది" అంది. ట్వైలైట్ మీద పేజీలకు పేజీలు వచ్చిన విమర్శ అంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. మరెందుకు చదువుతున్నావంటే, "తర్వాత ఏమైతుందో తెల్సుకోవాల కదా!" అంది. పదహారేళ్ళ పిల్లకు తెలుగు, ఇంగ్లీషు, ఏ భాషలోనైనా చదువు అలవాటయ్యేది ఈ ఒక్క కారణంతోనే. మనకు మాత్రం ఇంకెలా అలవాటైంది?

ఆ పిల్ల ఇంగ్లీషులో చదువుతోందని ఏడ్చేవాళ్ళు, ఆ వయసుకు తెలుగులో మనం ఏం పెట్టామో చూపించండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలెట్టి పాతికేళ్ళు మాంత్రికుల్నీ రాకుమార్తెల్నీ పరిగెత్తించారు. చందమామే 2013 నాటికి ఆగిపోయింది. చందమామ వయసు దాటాక, శ్రీశ్రీ, చలం వయసు రాకముందు ఉండే ఆరేడేళ్ళు, ఆ ఖాళీలో నిలబడ్డవి ఈ నవలలే. వాటిని తిట్టి తరిమేశాం. ఇప్పుడు అదే రకం కథలు ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఎపిసోడ్ల కింద వస్తున్నాయి. రాసేవాళ్ళలో చాలామంది గృహిణులు, కాలేజీ పిల్లలు. కొన్ని చెత్త, కొన్ని బావున్నాయి. తెలుగు చచ్చిపోతోందని సభలు పెట్టేవాళ్ళు ఒక్కరైనా తెరిచి చూశారా అని నా అనుమానం.

కళాపూర్ణోదయాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇంగ్లీషు చేస్తే 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ అచ్చేసింది. కాలిఫోర్నియాలో పుట్టిన మన పిల్లలకు అది హాయిగా అర్థమవుతుంది. నంద్యాల జిల్లా పిల్ల మాత్రం నంద్యాల రాజుకు అంకితమిచ్చిన కథ చదవాలంటే నిఘంటువు పక్కన పెట్టుకోవాలి. పదహారేళ్ళవాళ్ళు దిండు కింద దాచుకుని చదివేలా, మామూలు తెలుగులో, ప్రతి అధ్యాయం చివర ఊపిరి బిగబట్టేలా ఎవరైనా దీన్ని తిరగరాస్తారా? రాసేవాళ్ళుంటే చెప్పండి. టైపింగు, ప్రూఫులు నేను చూసుకుంటా. శని, ఆదివారాలు ఖాళీయే, రిలీజ్ లేని వారాల్లో.