డిగ్రీ మార్కులు తక్కువైతే ఎంబీఏ దారి మూసుకుపోయినట్టేనా?

బీటెక్‌లోనో బీకాంలోనో మార్కులు అంతంతమాత్రంగా వస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ‘ఈ మార్కులకు మంచి ఎంబీఏ సీటు ఎవరిస్తారు?’ ఆ భయంతోనే కొందరు మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోస్తారు. వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబాలకు అది మోయలేని భారం. నిజానికి డిగ్రీ మార్కులను అన్నిచోట్లా ఒకేలా చూడరు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐసెట్‌కు డిగ్రీలో 50 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 45 శాతం ఉంటే చాలు. అది దాటాక సీటు తేల్చేది ర్యాంకే. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. 55 శాతం వచ్చినవాళ్లూ 85 శాతం వచ్చినవాళ్లూ ఇక్కడ సమానమే.

ఐఐఎంల లెక్క వేరు. క్యాట్ స్కోరుతోపాటు పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం కూడా చూస్తాయి. దేనికి ఎంత వెయిటేజీ అన్నది ఒక్కో ఐఐఎంలో ఒక్కోలా ఉంటుంది. ఆ వివరాలు వాటి వెబ్‌సైట్లలోనే ఉంటాయి. అవి చదివాకే ఎక్కడ ఆశ ఉందో తేల్చుకోవాలి.

గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ లాంటి చోట జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరు, ఉద్యోగ అనుభవం, వ్యాసాలు, సిఫార్సు లేఖ అన్నీ కలిపి చూస్తారు. పాత మార్కులను మార్చలేం గానీ, ఆ తర్వాత ఏం చేశామో చూపించొచ్చు. మంచి పరీక్ష స్కోరు, అకౌంటింగ్‌లోనో స్టాటిస్టిక్స్‌లోనో పూర్తిచేసిన కోర్సు, ఉద్యోగంలో అంకెలతో చెప్పగలిగే ఫలితం పనికొస్తాయి. నాన్నగారి దుకాణం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించి బాకీల వసూలు మెరుగుపరిచినా అది అనుభవమే. సిఫార్సు లేఖ పెద్ద హోదా ఉన్నాయన కన్నా, పని దగ్గరుండి చూసినాయన రాస్తేనే బలం.

మార్కులు ఎందుకు తగ్గాయని ఇంటర్వ్యూలో అడిగితే రెండు మాటల్లో నిజం చెప్పాలి. సాకులు వద్దు. డబ్బిచ్చి రాయించుకున్న వ్యాసం మీద నాలుగు ప్రశ్నలు వేస్తే బండారం బయటపడుతుంది.

సర్టిఫికెట్ల సంగతీ ముందే చూసుకోవాలి. 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ రాష్ట్రానిది. ఐఐఎంలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. దూదేకుల వారి పేరు అందులో ఉంది. పేరు లేనివాళ్లు ఆదాయం, ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు.

మార్కుల మెమో చూసి పిల్లల్ని తిట్టే ముందు, ఏ సంస్థ ఏం చూస్తుందో ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి చదివితే మేలు.