రైలు సరే, స్టాపు ఎక్కడ?

ఊళ్ళోకి కొత్త రైలు దారి వస్తుందట అనగానే ఇంట్లో మగవాళ్ళు "ఎన్ని కోట్లు? ఎప్పటికవుతుంది?" అని మొదలుపెడతారు. మనం మాత్రం "ఎక్కడ ఆగుతుందట?" అని అడుగుతాం. వినడానికి చిన్న ప్రశ్నే. కానీ చేతిలో కూరల సంచీ, చంకలో పిల్లాడు ఉన్నవాళ్ళకి రైలు ఎంత జోరుగా పోతుందన్నదానికంటే అది దిగాక ఎంత దూరం నడవాలన్నదే పెద్ద లెక్క. అవునా, కాదా మీరే చెప్పండి.

మా విశాఖపట్నంలో మెట్రో రైలు ముచ్చట పేపర్లో వచ్చినప్పుడల్లా మా అపార్టుమెంటు మెట్ల దగ్గర ఇదే చర్చ. మూడో అంతస్తు పిన్నిగారికి స్టాపు గుడి దగ్గర కావాలి. ఎదురింటి వదినగారికి కాలేజీ దగ్గర కావాలి, ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. కింద వాటాలో ఉన్న రిటైర్డ్ మాస్టారిగారి భార్య అయితే "స్టాపు రావాల్సిందే, కానీ మన గేటు ముందు మాత్రం వద్దు. దుమ్మూ, రద్దీ, ఆటోల హారన్లూ ఎవరు పడతారు?" అంటారు. అందరి మాటలూ అయ్యాక, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చీపురు పక్కన పెట్టి ఒకే మాటంది. "రైలు ఎక్కడికెళ్తే నాకేటండీ, దిగినాక ఎంత దూరం నడాలో అది సెప్పండి."

ఆ పిల్ల అడిగిన మాటనే ఒక ఊరి జనం ఏళ్ళ తరబడి అడిగి, చివరికి గెలిచారు. ఆ కథ మీకు చెప్పాలనే ఈ వారం కలం పట్టాను.

మా అక్క కూతురు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటుంది. దాని పురిటికి అక్కకి తోడుగా నేనూ వెళ్ళి కొన్ని నెలలున్నాను. మనకి హైదరాబాదు, సికింద్రాబాదు ఉన్నట్టే వాళ్ళకీ జంటనగరాలున్నాయి. ఒకటి మినియాపొలిస్, రెండోది సెయింట్ పాల్. ఈ రెంటినీ కలుపుతూ రోడ్డు మధ్యలోనే పట్టాలు వేసి ఒక రైలు నడుపుతున్నారు. గ్రీన్ లైన్ అంటారు. మెట్లెక్కే పని లేదు. ప్లాట్‌ఫారం రోడ్డుకి కొంచెం ఎత్తులో ఉంటుంది, రైలు గడప దానికి సమంగా వచ్చి ఆగుతుంది. పిల్లల బండి తోసుకుంటూ ఎక్కేయొచ్చు. ఇలాంటిదాన్నే లైట్ రైల్ అంటారు. దారి పొడవు సుమారు 18 కిలోమీటర్లు. 2014 జూన్ 14న మొదలైంది.

ఇప్పుడు చూస్తే అంతా సవ్యంగానే ఉంది. కానీ కాగితం మీద ఉన్నప్పుడు పెద్ద గొడవే జరిగింది. ఆ రైలు చాలా దూరం యూనివర్సిటీ ఎవెన్యూ అనే రోడ్డు మీద నడుస్తుంది. సెయింట్ పాల్ వైపు ఆ రోడ్డుకి అటూ ఇటూ ఉండేవాళ్ళు ఎక్కువగా నల్లజాతివాళ్ళు, లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన మోంగ్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు. చిన్న చిన్న కిరాణా కొట్లు, భోజన హోటళ్ళు నడుపుకునే కుటుంబాలు. అమెరికాలో అందరికీ కార్లుంటాయని మనం అనుకుంటాం గానీ, అక్కడ కారు లేని ఇళ్ళు చాలానే ఉన్నాయి. వాళ్ళకి బస్సే ఆధారం.

మొదటి ప్లానులో నగరం నడిబొడ్డున స్టాపులు దగ్గర దగ్గరగా వేశారు. ఈ పేటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మైలుకో స్టాపు చొప్పున పెట్టారు. మైలంటే 1.6 కిలోమీటర్లు. రెండు స్టాపులకీ సరిగ్గా మధ్యలో ఇల్లున్న మనిషి ఎటు పోయినా 800 మీటర్లు నడవాలి. లోపలి వీధిలో ఇల్లయితే ఆ నడక వేరే. చలికాలంలో అక్కడ సున్నాకి 20 డిగ్రీల కిందికి కూడా పోతుంది. గడ్డకట్టిన మంచు మీద ముసలావిడో, కడుపుతో ఉన్న పిల్లో అంత దూరం ఎలా నడుస్తుందో ఊహించుకోండి. పైగా, ఆ రోడ్డు మీద అడుగడుగునా ఆగే 16వ నంబరు బస్సును రైలు వచ్చాక తగ్గిస్తామన్నారు. అంటే ఇంటి ముందు నుంచి రైలు పోతూ ఉంటుంది, ఎక్కడానికి ఉండదు. ఉన్న బస్సూ తగ్గిపోతుంది. విస్తట్లో వడ్డించి చెయ్యి పట్టుకున్నట్టు కాదూ!

వాళ్ళ కోపానికి ఇంకో పాత కారణం కూడా ఉంది. 1950, 60లలో ఆ పక్కనే పెద్ద హైవే వేస్తూ రోండో అనే నల్లజాతివాళ్ళ పేటను రెండుగా చీల్చేశారు. వందల కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. ఆ పని తప్పేనని నగర మేయరు 2015లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఒకసారి అలా దెబ్బ తిన్నవాళ్ళు కనుకే రెండోసారి ప్లాను కాగితం చూడగానే "ఈ గీత వల్ల మాకు ఒరిగేదేమిటి?" అని నిలదీశారు.

అధికారుల వాదన కూడా వినాలి కదా. వాళ్ళేమీ పగబట్టి చెయ్యలేదు. ఒక్కో స్టాపుకి దాదాపు 50 లక్షల డాలర్ల ఖర్చు. రైలు ఆగి, జనాన్ని ఎక్కించుకుని, మళ్ళీ జోరందుకోవడానికి అర నిమిషమో, నిమిషమో పడుతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి పోయేవాళ్ళకి ప్రతి స్టాపూ ఆలస్యమే. అన్నిటికంటే ముఖ్యం, అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి ఒక మార్కుల లెక్క ఉండేది. పెట్టిన ఖర్చుకి ప్రయాణికుల సమయం ఎంత ఆదా అవుతుందో చూసి మార్కులు వేసేవారు. స్టాపులు పెంచితే ఖర్చు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, మార్కులు పడిపోతాయి. మార్కులు పోతే డబ్బే రాదు, రైలే రాదు. ఇదీ వాళ్ళ భయం. నెల జీతంలో పాలూ, స్కూలు ఫీజూ సర్దే మనకి ఆ ఇరకాటం తెలియనిది కాదు.

పేటలో వాళ్ళలో కూడా అందరిదీ ఒకే మాట కాదు. స్టాపులు కావాలని కొందరు. రోడ్డు తవ్వితే మా కొట్టుకి ఎవరొస్తారు, బళ్ళెక్కడ నిలుపుకుంటారు అని వ్యాపారస్తులు. రైలొస్తే అద్దెలు పెరిగి మేమే ఖాళీ చెయ్యాల్సి వస్తుందని మరికొందరు. ఇన్ని రకాల వాళ్ళు ఉన్నా, కొన్ని సంఘాలు కలిసి "మాకూ స్టాపులు" అన్న అర్థం వచ్చేలా స్టాప్స్ ఫర్ అస్ అని పేరు పెట్టుకుని ఒక్క కోరిక మీద నిలబడ్డాయి. వెస్టర్న్, విక్టోరియా, హామ్లిన్ అనే మూడు కూడళ్ళలో మూడు స్టాపులు. ఆ మూడూ వస్తే మైలు దూరం అరమైలవుతుంది. నడక సగానికి సగం తగ్గుతుంది. మీటింగులకి వెళ్ళారు, లెక్కలు చూపించారు, అర్జీలు పెట్టారు.

మొదట దొరికింది సగం హామీ. "ఇప్పుడు స్టాపులు కట్టలేం గానీ, భూమి లోపలి పనులు మాత్రం చేసి ఉంచుతాం, ముందు ముందు డబ్బొస్తే కట్టుకోవచ్చు" అన్నారు. మేడ మీద గది తరవాత వేసుకుందామని పిల్లర్లకి ఇనప చువ్వలు వదిలి ఉంచుతాం చూడండి, అలాగన్నమాట. ఆ చువ్వలు ఎన్ని ఇళ్ళ మీద ఏళ్ళకేళ్ళు తుప్పు పడుతున్నాయో మనకి తెలుసు. వాళ్ళకీ తెలిసినట్టుంది, ఊరుకోలేదు. చివరికి 2010 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఆ మార్కుల లెక్కను సడలించింది. ఖర్చూ, సమయమే కాకుండా జనానికీ, పర్యావరణానికీ కలిగే మేలు కూడా చూడాలంది. ఆ నెలలోనే మూడు స్టాపులూ ప్లానులోకి ఎక్కాయి.

అన్నీ పూలబాటే అని చెప్పను. రోడ్డు పక్కన బళ్ళు నిలిపే చోటు చాలా మటుకు పోయింది. పనులు జరిగినన్నాళ్ళూ కొట్లవాళ్ళు నలిగిపోయారు. వాళ్ళకి 20,000 డాలర్ల దాకా అప్పులిచ్చి, అక్కడే వ్యాపారం కొనసాగిస్తే మాఫీ చేసే ఏర్పాటు చేశారు. రైలు కూడా మొదట్లో చెప్పినంత వేగంగా నడవలేదు, సిగ్నళ్ళ దగ్గర ఆగాల్సి వచ్చేది. అయినా, మా అక్కా నేనూ చంటిబిడ్డకి సామాన్లు కొనడానికి ఆ రైలెక్కినప్పుడు విక్టోరియా స్టాపులో చేతికర్రతో ఒక పెద్దావిడ తాపీగా దిగడం చూశాను. ఆ స్టాపు లేకపోతే ఆవిడకి ఆ రైలు ఉన్నా లేనట్టే కదా అనిపించింది.

సరే, మన ఊరి సంగతికొద్దాం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన విశాఖ మెట్రో మొదటి దశ ప్లానులో మూడు దారులున్నాయి. మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. వాటిలో పెద్దది స్టీలు ప్లాంటు నుంచి కొమ్మాది వరకు. 34.40 కిలోమీటర్లు, 29 స్టేషన్లు. పెన్సిలు పట్టుకుని లెక్క వేస్తే స్టేషనుకీ స్టేషనుకీ మధ్య సగటున 1.2 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. సగటు అంటే కొన్నిచోట్ల తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ అని. ఆ ఎక్కువ ఎవరి వాటాకి వస్తుందన్నదే మనం చూసుకోవాల్సింది. మనది రోడ్డు మీద నడిచే రైలు కాదు, స్తంభాల మీద పైన నడిచేది. కనుక మనకి మెట్లు, లిఫ్టు, హైవే దాటడం అనే బాధలు అదనం.

అందుకని విశాఖలోనే కాదు, ఎక్కడ మీ వీధి పక్కన రైలు ప్లాను వచ్చినా ఈ కింది సంగతులు అడగండి.

1. స్టాపు పేరు చూసి సంతోషపడకండి. పేరు మన పేటది, మెట్లు పక్క పేటలో ఉండొచ్చు. కచ్చితంగా ఏ కూడలిలో, రోడ్డుకి ఏ పక్కన అన్నది అడగండి.

2. నిండు సంచీ పట్టుకుని, వీలైతే పిల్లాణ్ణి నడిపించుకుంటూ, ఆ చోటికి వాచీ చూసుకుని నడవండి. మగవాళ్ళు వట్టి చేతులతో పది నిమిషాల్లో పోయే దూరం మనకి పావుగంట దాటుతుంది. మీటింగులో ఆ నిమిషాలే చెప్పండి.

3. లిఫ్టు రెండు వైపులా ఉంటుందా? రోడ్డు దాటే వంతెన టిక్కెట్టు లేనివాళ్ళు కూడా వాడుకోవచ్చా?

4. ఆసుపత్రి, రైతుబజారు, ఆడపిల్లల కాలేజీ, వీటికి దగ్గరి స్టాపు ఏది? చీకటి పడ్డాక ఆ దారిలో దీపాలుంటాయా?

5. రైలు వచ్చాక ఇప్పుడున్న బస్సుల్లో ఏవి తీసేస్తారు? ఇది తప్పకుండా అడగండి. సెయింట్ పాల్ వాళ్ళ గొడవలో సగం బలం ఈ ప్రశ్నదే.

6. స్టాపు మన గేటు ముందు వద్దు అనే ముందు, మన ఇంటికి పనికొచ్చేవాళ్ళు ఏ స్టాపులో దిగాలో ఒక్కసారి ఆలోచించండి.

ఇవన్నీ అడగాల్సింది ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే. స్తంభం లేచాక మనం ఎంత మొత్తుకున్నా దాన్ని జరపరు. ప్రజాభిప్రాయ సేకరణ అని ప్రకటన వేస్తే "మనకెందుకులే, ఆయన వెళ్తారులే" అనుకోకుండా, వంట తొందరగా ముగించుకుని నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళండి. మీకు మాట్లాడటం బెరుకైతే, నడిచిన నిమిషాలు కాగితం మీద రాసి ఇచ్చి రండి.

మా మెట్ల దగ్గర చర్చ ఇంకా తెగలేదు. గుడి, కాలేజీ రెంటికీ మధ్యగా ఉన్న కూడలి దగ్గర పడితే బాగుంటుందని పిన్నిగారూ, వదినగారూ ఒక మాట మీదకి వస్తున్నారు. మరి మీ ఇంటి నుంచి దగ్గరి బస్సు స్టాపుకో, రైలు స్టేషనుకో సంచీతో ఎన్ని నిమిషాలు? ఈ ఆదివారం నడిచి చూసి నాకు రాయండి.