డిపెండెంటు: ఒక్క యక్షరపు భేదము

కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల సంస్థకు ముఖ్యస్థానము. అచ్చటి కార్మికుల వాడలలో ఆంగ్లము చదువని యిల్లాలి నోటగూడ "డిపెండెంటు" అను మాట వినబడును. మన లిపిలో నిది యొక్కటే మాట, ఆంగ్లమున రెండు. పలుకుబడి యొక్కటియే యైనను, కడపటి 'ఎన్, టీ' లకు ముందు ఒకదానియందు 'ఏ' యక్షరమును, వేరొకదానియందు 'ఈ' యక్షరమును ఉండును. ఈ భేద మెరుగుట సోదరీమణులకు మేలని మేము తలంచుచున్నాము.

రెంటికిని మూలము వ్రేలాడుట యను నర్థముగల లాటిను ధాతువు. 'ఈ' గల రూపము విశేషణము. ఆధారపడిన యని యర్థము. దాని వెనుక 'ఆన్' వచ్చును. దానికి బహువచనము లేదు. "షి ఈజ్ డిపెండెంట్ ఆన్ హిమ్" అనగా ఆమె యతనిపై ఆధారపడియున్నది. 'ఏ' గల రూపము నామవాచకము. ఆశ్రితుడు, ఆశ్రితురాలు అని యర్థము. దీనికి బహువచనము కలదు. "షి ఈజ్ హిజ్ డిపెండెంట్" అనగా ఆమె యతని యాశ్రితురాలు. అమెరికావారు మాత్రము రెండుచోట్లను 'ఈ' నే వ్రాయుదురు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము ఈ రెండు రూపములను వేరువేరుగ వాడినది. పనిలో మరణించిన కార్మికుని భార్య, మైనరు కుమారుడు, అవివాహితయగు కుమార్తె, వితంతువైన తల్లి 'ఏ' గల డిపెండెంట్లు. వారతని సంపాదనపై బ్రతికిరా యను ప్రశ్నయే లేదు. తండ్రి, మైనరు తమ్ముడు మొదలగువారు మాత్రము పూర్తిగనో కొంతయో 'ఈ' గల డిపెండెంటుగ నుండిరని చూపవలసి యుండెను.

కుట్టుపనిచేసి నాలుగు రూపాయలు గడించు సోదరి "నేనెవరిపైనను ఆధారపడలేదే, డిపెండెంటు నెట్లగుదును?" అని సందేహింపవచ్చును. ఆమె తలచినది విశేషణము; చట్టము చెప్పినది నామవాచకము. తాను సంపాదించినంతమాత్రమున ఆమెకు నష్టపరిహారపు హక్కు పోదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఈ నామవాచకమును నిర్వచించుచు వితంతువునే మొదట నిలిపినది. ఉద్యోగమునకు సంబంధించిన నియమములు వేరు. వానిని విడిగా చదివించి తెలిసికొనవలెను.

కావున ఏ కాగితమునందైన ఈ మాట కనబడినచో, అది మన బ్రతుకుతెరువు నడుగుచున్నదా, మన చుట్టరికము నడుగుచున్నదా యని ముందుగా విచారింపుడు. సంతకము పిమ్మట చేయవచ్చును.