టవరు లేని విమానాశ్రయములు

ఆకాశము విశాలమైనది గనుక అందు రెండు విమానములు ఢీకొనుట అరుదని లోకులు భావింతురు. మార్గమధ్యమున నది చాలవరకు నిజమే. కాని దిగవలసినవియు, ఎగురవలసినవియు ఒకే రన్‌వేను ఆశ్రయింపవలసియుండుటచే, విమానాశ్రయము చెంత ఆ విశాలాకాశమే ఇరుకుసందుగా మారుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రజోపయోగమునకు తెరచియున్న విమానాశ్రయములు సుమారు 5,000. వానిలో కంట్రోలు టవరు గలవి రమారమి పదింట ఒక వంతు మాత్రమే. తక్కినచోట్ల ఎవరు ముందు దిగవలయునో, ఎవరు ఆగవలయునో చెప్పు అధికారి లేడు. చోదకులు పరస్పరము చూచుకొనుచు, రేడియోలో చెప్పుకొనుచు మెలగవలసినదే.

ఈ యేర్పాటులోని బలహీనతను 2022 ఆగస్టు 18వ తేదీన కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో జరిగిన దుర్ఘటన వెల్లడించినది. సెస్నా 152 అను చిన్న విమానము రన్‌వే చుట్టును నిర్ణీతమార్గమున తిరుగుచు దిగబోవుచుండెను. రెండు ఇంజనుల సెస్నా 340 ఆ చుట్టుమార్గమున చేరక, దూరమునుండి తిన్నగా, సుమారు 180 నాట్ల వేగముతో వచ్చెను. ఇరువురు చోదకులును తమ ఉనికిని రేడియోలో ప్రకటించుచునే యుండిరి. వెనుకనుండి వేగముగా వచ్చుచున్న విమానమును గ్రహించి చిన్న విమానపు చోదకుడు తాను దిగుట మాని మరల పైకి పోవుదునని తెలిపెను. కాని అప్పటికే కాలము మించిపోయెను. ముగ్గురు మరణించిరి. సెస్నా 340 చోదకుడు రెండవ విమానమును చూచి తప్పుకొనజాలకపోవుటయే కారణమని జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ణయించెను.

నిర్ణయము న్యాయమైనదే. అయినను అంతటితో తృప్తిపడుట మాకు సమ్మతము కాదు. చూచి తప్పుకొనుటకు మానవనేత్రము ఎంతవరకు సమర్థము? ఎదుటి విమానమును కనిపెట్టి, ప్రమాదమును గుర్తించి, తన విమానమును మరల్చుటకు 12.5 సెకండ్లు పట్టునని అమెరికా విమానయాన శాఖవారి పత్రమే చెప్పుచున్నది. 180 నాట్ల వేగమున ఆ వ్యవధిలో ఒక కిలోమీటరుకు పైగా గడచిపోవును. మరియు, ఢీకొనబోవు విమానము అద్దములో కదలక ఒకేచోట చుక్కవలె నిలిచియుండును; కదలనిదానిని కన్ను సులభముగా పట్టదు. రెక్కలు పైనున్న విమానమునకు పైభాగమును, క్రిందనున్నదానికి క్రిందిభాగమును మరుగుపడుట వేరొక చిక్కు.

రేడియోను తప్పనిసరి చేసిన చాలునని కొందరందురు. కెనడాలో కొన్ని విమానాశ్రయములచెంత నిర్ణీత తరంగముపై మాటాడుట విధాయకమే, అది మంచిదే. కాని వాట్సన్‌విల్‌లో ఇరువురును మాటాడిరి గదా! లోపించినది మాట కాదు, వరుస. నేను వచ్చుచున్నానని ప్రకటించుట దారి తనదని అనుమతి పొందుట కాదు. పది మైళ్ల దూరమునుండియే ప్రకటింపవలయుననియు, సాధారణముగా ఎడమవైపు మలుపులతో చుట్టుమార్గమున చేరవలయుననియు, తిన్నగా వచ్చువారు ఆ వరుసను భంగపరుపరాదనియు ఆ శాఖవారు హితవు చెప్పుచునే యున్నారు. అయితే తిన్నగా వచ్చుట నిషిద్ధము కాదు. దిగుటలో క్రిందనున్న విమానమునకు ప్రాధాన్యమిచ్చు నిబంధన కలదు గాని, దానిని సాకుగా గొని ఇతరుల ముందునకు చొరబడరాదనియు అందే యున్నది. ఎవరికి దారి యను సంశయము ఆఖరు నిమిషమున తీర్చుకొనవలసినది కాదు.

అన్నిచోట్ల టవరులు కట్టుట వ్యయసాధ్యము కాదని మే మెరుగుదుము. మేఘములు క్రమ్మినవేళ యంత్రముల ఆధారమున తిన్నగా రావలసిన విమానములును గలవు. కాని పగటివెలుగున, చుట్టుమార్గమున వేరొక విమానమున్నప్పుడు, తిన్నగా వచ్చువాడు వేగము తగ్గించి దారి విడువవలయునని, లేక తానును వరుసలో చేరవలయునని శాసించుటకు వ్యయమేమి? టవరు లేని విమానాశ్రయము స్వపరిపాలన గల చిన్న రాజ్యము. ఆజ్ఞాపించువాడు లేనిచోట బలవంతుడు బలహీనునకు దారి యిచ్చుటయే నిలుపవలసిన మొదటి ధర్మము.