పగలు స్టెప్పులు, రాత్రి తిప్పలు

హీరో స్టెప్పు వేస్తుంటే మీ చూపు ఎక్కడుంటుంది? హీరో మీదే. ఉండాలి కూడా, టిక్కెట్టు కొన్నది అందుకేగా! కాని ఈసారి పాట వచ్చినప్పుడు ఆయన వెనకాల మూడో వరసలో, చివరాఖర్న ఉన్న అమ్మాయిని ఒక్కసారి చూడండి. హీరోకి టేకు నచ్చక "ఇంకోటి చేద్దాం" అన్నారంటే ఆ పిల్లా ఇంకోసారి ఎగరాలి. పది టేకులైతే పదిసార్లు. మధ్యలో హీరోకి కుర్చీ వస్తుంది, గొడుగు వస్తుంది, కొబ్బరినీళ్లు వస్తాయి. మూడో వరసకి టీ వస్తుంది.

ఈ టీ సంగతి గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

కృష్ణానగర్‌లో పొద్దున్నే ఆరింటికి నిలబడితే సగం తెలుగు సినిమా కాలినడకన ఎదురవుతుంది. గ్రూప్ డాన్సర్లు, ఫైటర్లు, లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు. ఒకప్పుడు మద్రాసు కోడంబాక్కంలో ఉండే సందడి ఇప్పుడు ఇక్కడ. "రాత్రిళ్లు బాగా నిద్ర పడుతుందా?" అని నలుగురైదుగుర్ని అడిగాను. ఏదో సరదాగా రాద్దామనుకున్న ప్రశ్న. అందరిదీ ఒకటే జవాబు: "కాళ్ల నొప్పులు సార్!" మాట ఒకటే. కూర్చోబెట్టి విడివిడిగా అడిగితే మాత్రం ఒకరి నొప్పికీ ఇంకొకరి నొప్పికీ చుట్టరికమే లేదు. అందరి దగ్గరా ఉన్న మందు మాత్రం ఒకటే. తలగడ కింద బామ్ డబ్బా, జేబులో నొప్పి బిళ్ల.

ముందు డాన్సర్ అమ్మాయి గురించి చెప్పాలి. గోదావరి జిల్లా పిల్ల. "అన్నయ్యా, పేరు మాత్రం రాయకండేం. కాళ్లు బాగాలేవని తెలిస్తే మాస్టారి అసిస్టెంటు ఫోన్ చెయ్యడం మానేస్తాడు" అంది. రాయను. ఇంట్లో వాళ్లు అప్పటికే "ఆ గెంతులు మానేసి వచ్చెయ్యి" అని పోరు పెడుతున్నారట. తనకీ అదే నిజమేమోనని భయం.

"నొప్పి ఎలా ఉంటుందమ్మా?" అన్నాను.

"నొప్పి అనకూడదేమోనండి. పీకుడు. పడుకోగానే మొదలవుతుంది. పిక్కల లోపల చీమలు పాకుతున్నట్టుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. మళ్లీ పడుకుంటే మళ్లీ వస్తుంది. పగలు ఎంత గెంతినా ఏం ఉండదండి. సెకండ్ షోకి వెళ్తే మాత్రం కూర్చోలేను. నేను కనబడే పాట వచ్చిన సినిమాకి ఫ్రెండ్సందర్నీ తీసుకెళ్లాను. ఆ పాట నేను వెనకాల తలుపు దగ్గర నించునే చూశాను."

నాకు తెలిసిన నరాల డాక్టరు గారికి ఈ మాటలు చెప్పాను. పూర్తిగా వినకుండానే తల ఊపేశారు. ఇది కొత్త జబ్బేం కాదు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1672లోనే వర్ణించి పెట్టాడు. 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బోమ్ 'రెస్ట్‌లెస్ లెగ్స్' అని పేరు పెట్టాడు. అంటే కుదురులేని కాళ్లు. గుర్తులు నాలుగే: కాళ్లు కదిలించాలని ఆపుకోలేని తహతహ, విశ్రాంతిగా ఉన్నప్పుడే రావడం, కదిలిస్తే తగ్గడం, సాయంత్రం నుంచి రాత్రికి ముదరడం. సినిమా హాలూ, రాత్రి బస్సూ దానికి అత్తారిల్లు లాంటివి.

మరి కారణం? కాళ్లలో లేదు. చాలామందిలో అది ఇనుము దగ్గర తేలుతుంది. మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ వ్యవస్థ సవ్యంగా పనిచెయ్యాలంటే ఇనుము కావాలి. అది తగ్గితే రాత్రిపూట కాళ్లు గొడవ చేస్తాయి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆ పిల్ల అప్పటికే ఓసారి రక్తం చూపించుకుంది. హిమోగ్లోబిన్ 12.2. "బాగానే ఉంది, నీకేం లేదు" అని పంపేశారట. ఈసారి డాక్టరు గారు ఫెరిటిన్ అనే పరీక్ష రాశారు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది అదే. 9 వచ్చింది. ఈ జబ్బున్నవాళ్లకి అది 75 దాటాలని చూస్తారు. హిమోగ్లోబిన్ బీరువా బయట కనబడే చిల్లర, ఫెరిటిన్ లోపలి లాకరు. చిల్లర ఆడుతోందని లాకరు నిండుగా ఉందనుకుంటే ఎలా?

ఇప్పుడు టీ సంగతి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అన్నంలో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంటో గంటన్నరో ఆగాలి. రాత్రిపూట టీ, కాఫీ కాళ్ల పీకుణ్ణి ఇంకా రెచ్చగొడతాయి. జలుబుకి వేసుకునే నిద్రమత్తు బిళ్లలు కొన్ని, వాంతులకిచ్చే కొన్ని మందులు కూడా అంతే. ఇక ఆ నొప్పి బిళ్ల! దీనికి అది పని చెయ్యదు. పైగా రోజూ ఖాళీ కడుపున మింగితే పొట్టలో పుండు పడి, తెలియకుండానే రక్తం పోతుంది. రక్తంతోపాటు ఇనుమూ పోతుంది. ఇనుము పోతే పీకుడు పెరుగుతుంది, పీకుడు పెరిగితే ఇంకో బిళ్ల. విలన్ వేసిన స్కీములా లేదూ?

డాక్టరు గారు ఇనుము బిళ్లలు రాశారు. వాటిని నిమ్మరసంతో వేసుకోమన్నారు, టీతో వద్దన్నారు. నిల్వ నిండడానికి నెలలు పడుతుందని, మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించమని చెప్పారు. పరీక్ష లేకుండా ఎవరికి వారు మింగెయ్యడం మాత్రం మంచిది కాదు, ఎక్కువైనా ప్రమాదమే. ఇనుము సరిపోయినా తగ్గనివాళ్లకి వేరే మందులున్నాయి. అన్నిటికంటే ఆ పిల్ల ముఖం వెలిగింది డాక్టరు గారన్న ఒక్క మాటకి: "ఇది డాన్సు వల్ల రాలేదమ్మా. మానక్కర్లేదు."

ఫైటర్ కుర్రాడి కథ వేరు. అర్ధరాత్రి ఉన్నట్టుండి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. అరుస్తూ లేస్తాడు. రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది, సలుపు మర్నాటి దాకా ఉంటుంది. ఇది పిక్క పట్టెయ్యడం. కండరం అలిసినప్పుడు, నీళ్లు తక్కువైనప్పుడు వస్తుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉండడంతో పిక్క అప్పటికే ముడుచుకుని ఉంటుంది, అందుకని రాత్రే ఎక్కువ. పట్టేసినప్పుడు మోకాలు చాపి, కాలివేళ్లని చేత్తో మీవైపు లాగండి. లేదా లేచి గోడకి చేతులానించి, మడమ నేలకి నొక్కి ముందుకు వాలండి. పడుకోబోయే ముందు ఇలా పిక్కలు సాగదీస్తే ఆరు వారాల్లో రాత్రి పట్లు తగ్గాయని 2012లో నెదర్లాండ్స్ వాళ్లు 55 దాటినవాళ్ల మీద చేసి చూశారు. కుర్రకారు చేసినా ఖర్చు లేదు, నష్టం లేదు. క్వినైన్ బిళ్ల జోలికి మాత్రం పోవద్దు. గుండెకీ, రక్తానికీ చేటని 2006లోనే అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. అన్నట్టు, దోసకాయ పచ్చడి ఊట తాగితే పట్టు త్వరగా వదిలిందని 2010లో అమెరికాలో ఒక ప్రయోగం వచ్చింది. అది వాళ్ల వెనిగర్ ఊట. మన ఆవకాయ ఊట మీద ఎవరూ ప్రయోగం చేసినట్టు లేదు, మీరూ చెయ్యకండి!

లైట్‌మన్ బాబాయిలు ఇద్దరున్నారు, ఒకే గదిలో ఉంటారు. ఒకాయన రాత్రి కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుంటాడు. రెండో ఆయన కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తాడు, అప్పుడే హాయిట. ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. నాకూ నవ్వొచ్చింది, డాక్టరు గారికి రాలేదు. దిండ్ల బాబాయికి పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. గంటల తరబడి నిలబడే పని కదా, రక్తం కిందే నిలిచిపోతుంది. కాళ్లు ఎత్తిపెట్టడం, బిగుతు మేజోళ్లు, డాక్టరు సలహా ఆయన దారి. రెండో బాబాయికి రోజుకి రెండు కట్టల బీడీలు. కాలికి రక్తం తీసుకెళ్లే గొట్టాలు సన్నబడితే పడుకున్నప్పుడు పాదం మండుతుంది, వేలాడేస్తే కాస్త రక్తం దిగుతుంది. మొదటాయన దిండ్లు ఈయనకి పెడితే నొప్పి ఇంకా పెరుగుతుంది. "రేపు కాదు, ఇవాళే పంపించండి, బీడీ కూడా ఇవాళే ఆపాలి" అన్నారు డాక్టరు గారు. బాబాయి వెళ్లాడు. బీడీ మాత్రం ఇంకా బేరాల్లో ఉంది.

ఇంకొక్కటి, అవుట్‌డోర్లకి రాత్రంతా బస్సుల్లో వెళ్లేవాళ్ల కోసం. ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా మారి నొప్పి పెడితే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. మర్దనా చేయించొద్దు, బామ్ రాసుకుని పడుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసమో, గుండెల్లో నొప్పో తోడైతే 108కి ఫోన్ చెయ్యండి. ప్రొడక్షన్ మేనేజరు "ఈ ఒక్క షాటూ అయిపోనీ" అంటే వినకండి.

ఉత్తరాలకి జవాబులు వచ్చే వారం.