తడుముకుంటే మార్కులు పోతాయి

మాట్లాడడాన్ని కూడా పరీక్ష పెట్టి కొలుస్తున్నప్పుడు, ఆ కొలతలో ఏది మాటగా లెక్కకొస్తోంది, ఏది రావడం లేదు అని అడగాల్సింది ముందుగా ఆడవాళ్లే. ఎందుకంటే ‘ఎక్కువ మాట్లాడకు’ అని పెంచి, పెద్దయ్యాక ‘గడగడా మాట్లాడు’ అని పరీక్ష పెట్టేది మనకే కదా.

విదేశీ విశ్వవిద్యాలయంలో ఒక ఫెలోషిప్ కోసం నేనిప్పుడు ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షకి తయారవుతున్నాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. దానికి కాలదోషం పట్టదు గానీ ఈ పరీక్ష స్కోరుకి రెండేళ్లే ఆయుష్షు. ఆ తర్వాత నాకు ఇంగ్లీషు వచ్చని మళ్లీ రుజువు చేసుకోవాలి, అదీ 17,000 రూపాయలు దాటిన ఫీజు మళ్లీ కట్టి.

పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదట మీ ఊరు, మీ ఇల్లు, మీ చదువు లాంటి పలకరింపు ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, మాట్లాడడానికి రెండు నిమిషాల లోపు. చివర్లో ఆ విషయం మీదే కొంచెం లోతుగా చర్చ. మార్కులకి నాలుగు కొలమానాలు: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగూ సమానమే. ఏం చెప్పామన్నది, అది నిజమా కాదా అన్నది ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. భాషని పరీక్షిస్తున్నాం గానీ జీవితాన్ని కాదు కదా అంటారు. సరే, ఒప్పుకుందాం. కానీ ఆ కార్డులన్నీ జీవితం గురించే అడుగుతాయెందుకు? నువ్వు ఆరాధించే వ్యక్తి, నువ్వు తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం, నువ్వు మర్చిపోలేని ప్రయాణం. ఎన్నిళ్లలో ఎంతమంది ఆడపిల్లల్ని ఇంతవరకు ఎవరైనా ఈ ప్రశ్నలు అడిగారు?

అమీర్‌పేటలో నేను వెళ్లే కోచింగ్ క్లాసులో మర్చిపోలేని ప్రయాణం కార్డు ఒకమ్మాయికి వచ్చింది. బీటెక్ అయిపోయిన పిల్ల. తన పదో తరగతిలో ఒక రాత్రి తల్లిని తీసుకుని నాన్న ఇంట్లోంచి అమ్మమ్మ ఊరికి బస్సెక్కిన సంగతి మొదలుపెట్టింది. మూడుసార్లు ఆగింది. ‘వెళ్లాం’ అని ఒకసారి, ‘కాదు, వచ్చేశాం’ అని ఇంకోసారి అంది. మాస్టారు ఆపేశారు. “గోవా చెప్పమ్మా. అందరూ గోవానే చెప్తారు. ఇలాంటివి చెప్తే ఫ్లూయెన్సీ పోతుంది” అన్నారు. రెండు రోజుల్లో ఆ పిల్ల గోవా నేర్చుకొచ్చింది. ఎన్నడూ చూడని సముద్రం గురించి తడుముకోకుండా రెండు నిమిషాలు మాట్లాడింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

మాస్టారిని తిట్టి లాభం లేదు. బట్టీ పట్టిన జవాబుల్ని పరీక్షకులు పసిగడతారని నిర్వాహకులు హెచ్చరిస్తూనే ఉంటారు, అయినా బట్టీ వ్యాపారం మూడు పువ్వులూ ఆరు కాయలుగానే సాగుతోంది. మార్కుల వివరణ చూడండి. ఉత్తమ స్థాయి అభ్యర్థి చెప్పిందే చెప్పడం, చెప్పినదాన్ని దిద్దుకోవడం చాలా అరుదుగా ఉండాలి. తడబాటంటూ ఉంటే అది ఆలోచన కోసం తడబాటు అయ్యుండాలి, మాట కోసం కాకూడదు. ఈ విభజన దగ్గరే నా పేచీ. ‘వెళ్లాం’ని ‘వచ్చేశాం’గా మార్చుకున్నప్పుడు ఆ పిల్ల వెతుక్కున్నది మాటనా, ఆలోచననా? ఇల్లు ఏదో తేలాక గానీ క్రియ తేలదు. తన బతుకు గురించి తాను మొదటిసారి మాట్లాడుతున్న మనిషికి ఆలోచన ఒక గదిలో, మాట ఇంకో గదిలో ఉండవు.

నా పరిశోధన ఆడవాళ్ల మౌఖిక కథనాల మీద. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో అచ్చేశాక, వినడమంటే ఏమిటో మన సాహిత్య విమర్శ కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది. చెప్పిందే ఎందుకు మళ్లీ చెబుతోంది, ఎక్కడ ఆగిపోయింది, ఏ మాటని వెనక్కి తీసుకుంది అని గమనించడం నాకు ఆ దారిలో అబ్బిన చదువు. అందులో విలువైనవి ఏవో, సరిగ్గా అవే ఇక్కడ లోపాలు.

ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పను. యాస ఉన్నంత మాత్రాన తప్పుపట్టమని అధికారికంగా అంటారు. కోచింగ్ సెంటర్లు మాత్రం అరువు యాసనే అమ్ముతాయి.

ఇది ఫెలోషిప్పుల గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. కాపురానికి కూడా ఇంగ్లీషు పరీక్ష ఉంది. బ్రిటన్ పౌరుడినో, అక్కడ స్థిరపడ్డవాడినో పెళ్లాడి వెళ్లాలంటే, 2010 నవంబరు నుంచి దేశం దాటకముందే ఇంగ్లీషులో వినడం, మాట్లాడడం ప్రాథమిక స్థాయిలోనైనా వచ్చని చూపాలి. సమాజంలో కలిసిపోవడం కోసమట. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ ఉన్నామె దాన్ని ధ్రువీకరించుకుంటే పరీక్ష అక్కర్లేదు. అమెరికా పౌరురాలికి అసలే అక్కర్లేదు. ఇక మిగిలేదెవరు? డిగ్రీ దాకా చదివించని ఇంటి పిల్ల. చదువు మాన్పించిందీ ఇంటివాళ్లే, పెళ్లి కుదిర్చిందీ వాళ్లే, ఫెయిలైతే మాట పడేది మాత్రం ఆమె. ఈ నిబంధన మీద వేసిన కేసులో 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. అమలు చేస్తున్న తీరు కొందరి విషయంలో కుటుంబ జీవిత హక్కుకి భంగం కావొచ్చని మాత్రం అంది.

ఇక్కడ నన్ను మాతృభాషాభిమానుల వరసలో కూర్చోబెట్టొద్దు. తెలుగు గొప్పదనం మీద ఉపన్యాసాలిచ్చి, పిల్లల్ని మాత్రం ఇంగ్లీషు మీడియానికి పంపిన పెద్దమనుషుల్ని చాలామందినే చూశాను. సావిత్రిబాయి ఫూలే 1854లోనే ‘కావ్యఫులే’లో ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రాతిశూద్రులకి చెప్పింది. ఇంగ్లీషు కావాలనే దళిత స్త్రీల డిమాండు న్యాయమైనది. నర్సుగా వెళ్లి ఇంటిల్లిపాదినీ నిలబెట్టిన వాళ్లకి ఆ మార్కులు అన్నం పెట్టాయి. వాళ్లు అడిగింది ఇంగ్లీషుని. దొరికింది గోవా. నా కోపం అందుకే. సావిత్రిబాయి కోరిన భాషలో ఆ బస్సు ప్రయాణానికి చోటుండాలి.

పరీక్షని కేంబ్రిడ్జి వాళ్లు మారుస్తారని నాకేం ఆశ లేదు. కానీ ఈ కొలమానం పరీక్ష హాల్లోనే ఆగిపోలేదు. కాలేజీల కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసుల్లోకి వచ్చింది, పీహెచ్‌డీ ప్రవేశాల ఇంటర్వ్యూల్లోకి వచ్చింది. తెలుగులో జరిగే వైవాల్లో సైతం ‘అమ్మాయికి విషయం తెలుసు గానీ ధారాళంగా చెప్పలేకపోయింది’ అని రాస్తున్నాం. ఆ బల్లకి ఇవతలి వైపు ఇప్పుడు కూర్చుంటున్న వాళ్లలో ఈ పత్రిక చదివేవాళ్లూ ఉన్నారు. ఈసారి ఒకమ్మాయి జవాబు మధ్యలో ఆగినప్పుడు వెంటనే రెండో ప్రశ్న వెయ్యకండి. ఇంకో నిమిషం ఇవ్వండి. ఆ నిమిషం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.