పసిఫిక్ ఒడ్డున అట్లాంటిక్ తీరం

చిన్నప్పుడు భూగోళంలో నాకు అత్తెసరు మార్కులే వచ్చేవి. అయినా కాలిఫోర్నియా పక్కన ఉన్నది అట్లాంటిక్ మహాసముద్రం కాదని మాత్రం తెలుసు. ఇక్కడి విశ్వవిద్యాలయాల క్రీడాధికారులకు ఆపాటి జ్ఞానం కూడా అక్కరలేకపోయింది. 2024 నుండి స్టాన్‌ఫర్డ్, బర్కిలీ జట్లు ఆడుతున్నది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో! బిగ్ టెన్ అనే కూటమిలో పద్ధెనిమిది విశ్వవిద్యాలయాలు. పంచపాండవులు మంచం కోళ్ళలా ముగ్గురన్నవాడి లెక్కే ఇంతకంటే నయం.

కాన్ఫరెన్సంటే ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు తమలో తాము పోటీలాడుకునే కూటమి. పశ్చిమ తీరంలో 1915లో పుట్టిన అలాంటి కూటమే పాక్-12. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌కు పోతామన్నాయి. 2023 సెప్టెంబరు వచ్చేసరికి, పోతామనకుండా మిగిలినవి ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే. అవి ఆటలో ఓడలేదు. టీవీ బేరంలో వాటి ఊళ్ళు చిన్నవి, అంతే.

ఇదంతా అత్యాశ అని తిట్టి ఊరుకునేవారితో నేను ఏకీభవించను. ఆశ ఎప్పుడూ ఉన్నదే. 1984 దాకా కళాశాలల ఫుట్‌బాల్ ప్రసారాలను ఎన్‌సీఏఏ గుత్తగా శాసించేది. ఓక్లహోమా, జార్జియా వాళ్ళు దావా వేయగా, సుప్రీం కోర్టు 7-2 తీర్పుతో ఆ ఏర్పాటును కొట్టివేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన బైరన్ వైట్ స్వయంగా ఒకప్పటి కళాశాల ఫుట్‌బాల్ వీరుడు! పాత ఏర్పాటు మంచిదని నేననను. ఏ జట్టు ఎన్నిసార్లు తెరమీద కనబడాలో కూడా అదే నిర్ణయించేది. ఆ పెత్తనం కూలడం సబబే. కానీ అందరూ కలిసి అమ్ముకునే దారి కూడా దానితోపాటే మూసుకుపోయింది.

వృత్తి క్రీడల లీగులకు మాత్రం 1961 నాటి చట్టం ఆ దారి తెరిచే ఉంచింది. అందుకే గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టుకు జాతీయ టీవీ సొమ్ములో న్యూయార్కు జట్టుతో సమానమైన వాటా. లాభానికి నడిచే లీగులది ఉమ్మడి బేరం, చదువు చెప్పే సంస్థలది ఎవరి బేరం వారిది. ఇదెక్కడి న్యాయం?

ఫుట్‌బాల్ డబ్బే మిగతా ఆటలను పోషిస్తోందంటారు. నిజమే, కాదనను. అయితే ఆ డబ్బు కోసం వాలీబాల్ ఆడే అమ్మాయి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి బోస్టన్ ఎందుకు వెళ్ళాలి? ఫుట్‌బాల్‌ది వారానికొక ఆట. ఆ అమ్మాయికి వారానికి రెండు. పైగా స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఈ వైభోగానికి మొదటి ఏడేళ్ళూ టీవీ వాటాలో ముప్ఫై శాతానికే ఒప్పుకున్నాయి!

1961 చట్టాన్ని కళాశాలలకూ వర్తింపజేయాలి. ఫుట్‌బాల్‌ను విడదీసి, దాని ప్రసార హక్కులను దేశమంతటికీ కలిపి అమ్మి, చిన్న ఊళ్ళకూ వాటా ఇవ్వాలి. తక్కిన ఆటలు మళ్ళీ ఇరుగుపొరుగుతో ఆడుకోవాలి. పెద్ద కూటములు ఒప్పుకోవని నాకూ తెలుసు. ఒప్పుకోనివాళ్ళు కనీసం తమ పేర్లలోంచి అట్లాంటిక్‌నూ, పది అంకెనూ తీసేయాలి.